బండికి చలేస్తుందన్న మనిషి

ఆయన పోయాడన్న కబురు ముందు మా తమ్ముడికి తెలిసింది. వాడు వచ్చి నాకు చెప్పాడు. పోయిన మనిషి గురించి ఇలా అనకూడదు గానీ, అది కూడా నాకు నచ్చలేదు. ఆయనా నేనూ ఒకే కంపెనీలో డ్రైవర్లం. ఒకే క్యాంపులో ఉన్నాం. ఒకే గేటు ముందు ఏళ్ల తరబడి బస్సులు పక్కపక్కన ఆపుకున్నాం. న్యాయంగా అయితే ఆయన ఇంటివాళ్లు నాకు ఫోన్ చేయాలి. కడప నుంచి ఆయన కొడుకు మా తమ్ముడికి చేశాడు.

మా తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ నా బస్సు దగ్గరికి వచ్చి, "అన్నా, చాచా పోయిండు" అన్నాడు. ఎవరైనా అయితే ఎప్పుడు, ఎట్లా అని అడుగుతారు. నా నోటి నుంచి మాత్రం "నీకెవలు చెప్పిండ్రు?" అని వచ్చింది.

చాచా అంటే బాబాయి. క్యాంపులో జగిత్యాల పిల్లల నుంచి నేపాలీల దాకా, బంగ్లావాళ్ల నుంచి పఠాన్ల దాకా అందరికీ ఆయన చాచాయే. నేనొక్కణ్ణే భాయ్ అనేవాణ్ణి. ఆయన్ని వరసలో ఒక మెట్టు దించడానికి నా చేతిలో ఉన్నది అదొక్కటే. ఆయన దాన్ని పట్టించుకుంటే కదా! నన్ను 'పెద్దబ్బీ' అనీ, మా తమ్ముణ్ణి 'చిన్నబ్బీ' అనీ పిలిచేవాడు. నలభై దాటి, ఇద్దరు పిల్లల తండ్రినైన నన్ను పట్టుకుని అబ్బీ ఏమిటి? పైగా ఇద్దర్నీ తానే కన్నట్టు ఆ పెద్ద, ఆ చిన్న ఏమిటి?

మా క్యాంపు అబుదాబికి చాలా దూరాన, రువైస్ ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుకలో ఉంటుంది. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా ఊళ్లో, దుబాయ్‌లో చలేమిటని నవ్వుతారు. జనవరిలో తెల్లవారుజామున ఆ సముద్రపు గాలికి నిలబడి చూస్తే తెలుస్తుంది. రేకు గదులు మంచుగడ్డల్లా అవుతాయి. ఈ దేశంలో బస్సులకు చల్లబరచడం ఒక్కటే వచ్చు, వెచ్చబరచడం రాదు. గదుల్లో కరెంటు హీటర్లు పెట్టుకోవడానికి వీల్లేదు. పాత వైర్లు తట్టుకోలేవనీ, మంటలు లేస్తాయనీ క్యాంపు రూలు. అయినా కుర్రాళ్లు దొంగచాటుగా తెచ్చి మంచం కింద పెట్టుకునేవారు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి వాటిని పట్టుకుపోయి ఆఫీసు ముందు కుప్ప పోసేవారు.

కరోనా మాస్కులు ఇంకా ముక్కుల మీదే ఉన్న ఒక చలికాలంలో ఆయన ఆ కుప్ప ముందు నిలబడ్డాడు. మఫ్లర్ చెవుల చుట్టూ తిప్పి గడ్డం కింద ముడేసుకుని, మాస్కున్న ముక్కు మాత్రం బయటకు పెట్టుకుని, కూరగాయల బండి దగ్గర బేరమాడేవాడిలా ఒక్కో హీటర్‌నూ వంగి చూస్తున్నాడు. క్యాంప్ బాస్ బయటకు వచ్చి ఏం కావాలని అడిగాడు.

"సాబ్, గాడీకో ఠండ్ లగ్తా హై" అన్నాడు ఆయన. బండికి చలేస్తోందట!

క్యాంప్ బాస్ నవ్వాడు. ఆయన నవ్వలేదు. చలికి ఇంజన్ లేవడం లేదనీ, డ్యూటీకి లేటవుతోందనీ, ఒక హీటర్ ఇప్పిస్తే లేపుకుంటాననీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. ఆయన బస్సు మా కంపెనీలో అన్నిటికంటే ముసలిది. డీజిల్ ఇంజన్లలో హీటర్ ప్లగ్గులని ఉంటాయి. చలిలో తాళం తిప్పగానే అవి ఎర్రగా కాలి డీజిల్ అంటుకునేలా చేస్తాయి. ఆయన బండిలో అవి ఎప్పుడో చచ్చిపోయాయి. పొద్దున్నే ఆ బస్సు దగ్గే దగ్గుకు క్యాంపంతా లేచేది. సైటుకు లేటైతే ముదీర్, అంటే మేనేజరు, మొదట అడిగేది క్యాంప్ బాస్‌నే. అందుకని క్యాంప్ బాస్ "ఏక్ లే జావ్, ఖలాస్" అన్నాడు, ఒకటి పట్టుకుపో, ఇక వదిలెయ్ అన్నట్టు.

నూనె నింపిన పక్కటెముకల హీటర్ ఒకటి ఏరుకుని ఆయన వెళ్లిపోయాడు. మనుషులకు వద్దన్న హీటర్‌ను బండికి ఇప్పించుకున్న మనిషి అబుదాబి మొత్తానికి ఆయనొక్కడే అయి ఉంటాడు. నాకు ఆ తెలివి ఎందుకు రాలేదని ఆ రోజంతా కుళ్లుకున్నాను. నా బస్సు కొత్తది, దానికి చలి వేయదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా కుళ్లుకున్నాను.

ఆయన బస్సులో ఇంజన్ ముందువైపు, డ్రైవర్ పక్కనే ఉంటుంది. లోపలి నుంచే మూత తీయొచ్చు. ఆయన తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించుకుని వచ్చి, మూత పైకెత్తి, హీటర్‌ను ఇంజన్‌కు ఆనించి, బట్టలుతికే గది కిటికీలోంచి పొడుగు వైరు లాగి ప్లగ్గు పెట్టేవాడు. బయట బస్సు ముందు భాగం చుట్టూ పాత దుప్పట్లు కప్పేవాడు. బండికి పెట్టిన వేడి బండి దగ్గరే ఆగదు కదా. కాసేపటికి బస్సు లోపలంతా వెచ్చబడేది. అద్దాల మీద ఆవిరి పట్టేది. ఆయన అరచేయి ఇంజన్ మీద పెట్టి, చంటిపిల్లకు జ్వరం చూసినట్టు చూసి, "ఇంకా కాలా, ఉండండబ్బా" అనేవాడు. ఇంజన్ లేచేదాకా లోపల ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. "ముసల్ది లేస్తాంది, మెల్లగా" అని వేలు పెదవుల మీద పెట్టేవాడు. ఇరవై దేశాల భాషల్లో తిట్టుకోగలిగే ఆ కుర్రాళ్లు చర్చిలో కూర్చున్నట్టు కూర్చునేవారు.

మొదటి రోజు ఒక కుర్రాడు ఎక్కుతూనే హీటర్‌ను గుర్తుపట్టాడు. "చాచా, గిది నాదే! మొన్న పట్టుకపోయిండ్రు" అన్నాడు.

"నీదేలే అబ్బీ. అందుకే నువ్వు ముందు సీట్లో కూచో" అన్నాడు ఆయన.

నా బస్సు సంగతి చెప్పాలి. పెద్దది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. దానిలో ఒక ట్రాకర్ ఉంటుంది. ఊరికే ఇంజన్ ఆన్ చేసి నిలబెడితే ఆఫీసులో ఎవడికో మెసేజ్ పోతుంది. అందుకని బయలుదేరేదాకా ఇంజన్ ఆపుకునే కూర్చోవాలి. ఆ ప్లాస్టిక్ మీద కూర్చుంటే చలి తొడల్లోంచి వెన్ను దాకా పాకేది. రెండు బస్సులూ ఒకే సైటుకు పోతాయి, ఎవరు ఏది ఎక్కినా ఒకటే. కుర్రాళ్లు గదుల్లోంచి పరుగెత్తుకొచ్చి నా తలుపు ముందు నుంచే ఆ ముసలి బస్సులోకి దూరేవారు. అది నిండాక, ఆలస్యంగా లేచినవాళ్లు మొహం వేలాడేసుకుని నా బస్సు ఎక్కేవారు.

వాళ్లు పోతే పోయారు. మా తమ్ముడు కూడా పోయేవాడు.

వాడు నాకంటే చాలా చిన్న. మా నాయన పోయేనాటికి వాడికి నడక కూడా సరిగా రాలేదు. ఆ తర్వాత నేను ఇక్కడికొచ్చి, వాణ్ణి ఫోన్‌లోనే పెంచాను. చదువుతున్నవా, తిన్నవా, అమ్మ మాట ఇంటున్నవా అని అడగడం, వాడు ఆఁ ఆఁ అనడం. వాడు పెద్దవాడయ్యాక వీసా తెప్పించి నా కంపెనీలోనే వేయించాను. ఒకే చోట ఉంటాం కదా, ఇన్నేళ్ల మాటలన్నీ మాట్లాడుకుంటామని ఎంత ఆశపడ్డానో! వాడు ఎదురుగా నిలబడి కూడా ఫోన్‌లో మాట్లాడినట్టే ఆఁ ఆఁ అనేవాడు. నా బస్సులో డ్రైవర్ వెనక సీటు వాడి కోసం ఖాళీగా ఉంచేవాణ్ణి. వాడు ఒకసారి తలుపు దాకా వచ్చి, "అన్నా, నేను చాచా బండ్ల వస్త. సల్లగుంది కద" అని చెప్పి పోయాడు. చెప్పి పోవడం కూడా ఆ ఒక్కసారే.

నా అద్దంలోంచి వాళ్లిద్దరూ కనిపించేవారు. మా తమ్ముడు ఆ ఇంజన్ పక్కన కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో చెబుతూ ఉండేవాడు. వీడికి ఇన్ని మాటలు ఎక్కడివి? ఎదురుగా ఆయన పాత పేపర్ ముక్కతో అద్దం తుడుస్తూ ఉండేవాడు. అది ఆయన అలవాటు. చెప్పేవాడి మొహం ఎప్పుడూ చూడడు. అద్దమో, స్టీరింగో, కళ్లజోడో తుడుస్తూ వింటాడు. మధ్యలో "ఊఁ" అంటాడు. అంతే. అంతకుమించి ఆయన చేసిందేమీ లేదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ తుడుపులో ఏముందని వీడు పొద్దున్నే పరుగెత్తిపోతాడు? అద్దాలు నేనూ తుడవగలను. తుడిచాను కూడా. ఎవడూ వచ్చి ఏమీ చెప్పలేదు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఆ బండి చలికి లేవడం లేదనే కదా హీటర్? బండి బాగైతే హీటర్ ఎందుకు? హీటర్ పోతే వెచ్చదనం పోతుంది. వెచ్చదనం పోతే రెండు బస్సులూ ఒకటే, నాది కొత్తది కూడా. బండ్ల షెడ్లుండే ముసఫ్ఫాలో మా నిజామాబాద్ మెకానిక్ ఒకడున్నాడు. ఆ శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకు పోయిన వేళ చూసి, వాణ్ణి పిలిపించి, ఆ ముసలి బస్సుకు కొత్త హీటర్ ప్లగ్గులన్నీ వేయించాను. ఓర్వలేనితనంతో ఒకడి బండి పాడుచేసినవాళ్లను చూశాను గానీ, బాగుచేయించినవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాను.

మరుసటి పొద్దున ఆయన ఇంజన్ మూత తీయబోతూ, ఎందుకో తాళం తిప్పాడు. బస్సు దగ్గలేదు. ఒక్క తిప్పుకే లేచి బుర్రుమంది. కుర్రాళ్లు కేకలేశారు. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కాసేపు ఆ చప్పుడు విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపేశాడు. కిందికి దిగి, ఎప్పటిలాగే వైరు లాక్కొచ్చి హీటర్ పెట్టాడు.

నేను ఆగలేకపోయాను. వెళ్లి, "ఏం భాయ్, బండి మంచిగనే లేస్తుంది కద, ఇంక హీటర్ ఎందుకు?" అన్నాను.

"బండి లేస్తాంది. అయితే చలి అట్లే ఉండాది గదా, పెద్దబ్బీ" అన్నాడు.

అప్పటికే మెకానిక్ ఆయనకు చెప్పేసినట్టున్నాడు. ఆయన బస్సు మెట్టు మీద నిలబడి, మఫ్లర్ కిందికి లాగి, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి అందరికీ చాటాడు. "మన పెద్దబ్బీ చేపిచ్చినాడప్పా! ఎవురికీ చెప్పకుండా చేపిచ్చినాడు. మనసుండాల." కుర్రాళ్లు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఒక పఠాన్ కావలించుకున్నాడు. మా తమ్ముడు కిటికీలోంచి నన్ను చూశాడు. వాడు ఇక్కడికొచ్చాక నా వైపు అట్లా ఇష్టంగా చూడడం అదే మొదలు. ఆ చూపు కూడా ఆయన ఇప్పిస్తే వచ్చిందే. ఆ పూట నాకు నాష్తా దిగలేదు.

ఇంకో రోజు మధ్యాహ్నం షిఫ్టు దిగేవాళ్ల కోసం ప్లాంటు గేటు బయట ఎదురుచూస్తున్నాం. ఆయన తన బస్సు దిగి వచ్చి నా బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. ఎప్పుడూ రాని మనిషి. జేబులోంచి పేపర్ ముక్క తీసి నా పక్కద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"చిన్నబ్బికి ఎత్తంటే భయమంట, పెద్దబ్బీ" అన్నాడు.

మా తమ్ముడిది స్కాఫోల్డింగ్ పని. ఇనుప పైపులు కట్టుకుంటూ ఆకాశంలోకి పోవాలి.

"ఎవరన్నరు?"

"వాడే అన్న్యాడు. పైకి పోతానే కాళ్లు వణుకుతాండాయంట. మొన్న బెల్టు కొక్కెం తగిలించేది మరిసిపోయినాడంట."

నాకు గుండె ఝల్లుమంది. అబద్ధం చెప్పను, దానికంటే ముందు కడుపు మండింది. "నా తమ్ముని సంగతి నువ్వు చెప్తవా నాకు? వానికి నోరు లేదా? నేనేమన్న పులినా?" అని అరిచాను.

ఆయన అద్దం మీద ఊది, మళ్లీ తుడిచాడు. "నువ్వు వీసా తెప్పించినోనివి. నీకు చెప్పేకి సిగ్గుపడ్తాండాడు. నేనెవుర్ని, నాకు చెప్తే ఏం పోయింది?" అన్నాడు. లేచి, మోకాళ్లు తట్టుకుని తన బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఫోర్‌మన్ గది ముందు కూర్చున్నాను. ఫోర్‌మన్ కుదరదన్నాడు. మర్నాడు ఇంకొకరి దగ్గరికి పోయాను. బతిమాలి, దండాలు పెట్టి, మా తమ్ముణ్ణి కింద సామాన్ల స్టోర్‌లోకి మార్పించాను. ఆ మాట చెబుదామని గదికి వెళ్తే వాడికి అప్పటికే తెలిసిపోయింది. మొహం వెలిగిపోతోంది. "చాచా చెప్పిండట కద అన్నా! ఆయన చెప్పుడుతోనే అయింది" అన్నాడు. తిరిగింది నా కాళ్లు, బతిమాలింది నా నోరు. అయినా, వాడు మళ్లీ ఆ పైపుల మీదికి పోనక్కర్లేదు. అది తలుచుకుని ఆ రాత్రి నిద్రపోయాను. ఆయన లేకపోతే నాకు ఆ సంగతి తెలిసేదే కాదన్నది తలుచుకుని మధ్యలో లేచాను.

తర్వాత కొత్త రూలేదో వచ్చి ఆ ముసలి బస్సును తీసేశారు. ఆయనకు వేరే బండి ఇస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. "చాలబ్బా, ఇంటికి పోతాండా" అన్నాడు. అబుదాబి ఎయిర్‌పోర్టు దాకా దింపే డ్యూటీ నాకే పడింది. మా తమ్ముడు స్టోర్‌లో షిఫ్టులో ఉన్నాడు, రాలేకపోయాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను హుషారుగానే ఉన్నాను. ఆయన నా డ్రైవర్ సీటు వెనక కూర్చుని, మఫ్లర్ కప్పుకుని, రువైస్ దాటగానే నిద్రపోయాడు. అంత పొడుగు రోడ్డులో నాకు అడగాలని ఒకే ఒక మాట ఉంది. ఆయన లేస్తే అడుగుదామని చూస్తూ తోలాను. అబుదాబి దగ్గరపడ్డాక, మఫ్రఖ్ ట్రాఫిక్‌లో బ్రేకు వేసేసరికి కళ్లు తెరిచాడు.

"భాయ్" అన్నాను, అద్దంలోకి చూడకుండా. "మా తమ్ముడు నా గురించి ఏమంటడు మీతోని?"

ఆయన పక్క కిటికీ అద్దం మీద వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ఏదైనా మంచి మాట కల్పించి చెప్పొచ్చు. పోయేవాడు, పోతూ పోతూ నా కడుపు చల్లబరచొచ్చు.

"నీ గురించి ఏమీ అనడబ్బా" అన్నాడు చివరికి. "అన్నీ చెప్తాడు. ఊరు, చెరువు, వాని సావాసగాళ్లు, మీయమ్మ చేసే పచ్చిపులుసు. నీ మాట మాత్రం ఎత్తడు. చెడ్డా లేదు, మంచీ లేదు."

తిట్టినా బాగుండేదనిపించింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఆయన పెట్టె దించి ఇచ్చాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి సలాం చెప్పి లోపలికి పోయాడు. ఆయన్ని నేను చూడడం అదే ఆఖరు.

ఆ తర్వాత మా తమ్ముడు నా బస్సే ఎక్కాడు. ఇంకో బస్సు లేదు కాబట్టి ఎక్కాడు. నేను ఉంచిన సీట్లో కాదు, వెనక ఎక్కడో కూర్చుని ఫోన్‌లో కడపకు మాట్లాడుతూ వచ్చేవాడు. ఆయన అక్కడ అద్దం తుడుస్తూ వింటున్నాడేమో అనుకునేవాణ్ణి. మనిషి దేశం దాటి పోయినా నాకు ఆ పీడ వదల్లేదు.

ఇప్పుడాయన లేడు. కబురు వచ్చిన వారానికి, పొద్దున్నే జనం ఇంకా రాకముందు, మా తమ్ముడు వచ్చి నా వెనక సీట్లో కూర్చున్నాడు. బస్సు చల్లగా ఉంది. వాడు జాకెట్ చేతుల్లోకి వేళ్లు ముడుచుకున్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

"అన్నా, నేను ఇంటికి పోత. ఇక్కడ నాతోని అయితలేదు" అన్నాడు. "ఊళ్లె ఏదన్న చేసుకుంట. పొద్దంత స్టోర్‌ల కూసుంటే పిచ్చి లేస్తుంది."

వాడి వీసా కోసం నేను పడ్డ తిప్పలన్నీ నోటి దాకా వచ్చాయి. పళ్లు బిగబట్టి, "ఎప్పటి సంది అనుకుంటున్నవ్?" అన్నాను.

"చానా దినాల సంది."

"మరి ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?"

వాడు ముక్కు ఎగబీల్చాడు. ఎగతాళిగా కాదు, కోపంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టు చెప్పాడు. "చాచా ఉంటే చాచాకే చెప్తుంటి. ఆయన లేడు కద అన్నా. గందుకే నీకు చెప్తున్న."

వాడు నా వెనక కూర్చుని మనసు విప్పాలని ఇన్నేళ్లు ఎదురుచూశాను. విప్పాడు. చచ్చిపోయిన మనిషికి బదులుగా నన్ను పెట్టుకుని విప్పాడు. నాకు ముందు కుళ్లు వచ్చింది. ఏడుపు దాని వెనక వచ్చింది. రెండూ మింగి, "చెప్పురా" అన్నాను.